క్లారినెట్ మీద రెండో గాటు

మా ఆయన బ్యాండులో వాయించే క్లారినెట్‌కి జరిగే సేవలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. వాయించడం అయిపోగానే దాన్ని ముక్కలుగా విప్పి, మెత్తటి గుడ్డ లోపలికి దూర్చి ఇటునుంచి అటు లాగి, తడి ఆరిందో లేదో వెలుతురుకి ఎత్తి చూస్తారు. నోట్లో పెట్టుకునే ముక్కని, అదే మౌత్‌పీస్‌ని, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి తుడుస్తారు. ఆ తర్వాత పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టెలో పడుకోబెడతారు. ఎంత అలసిపోయి వచ్చినా, పక్కన కంచంలో అన్నం చల్లారిపోతున్నా ఈ తంతు జరగాల్సిందే. అదే పెద్దమనిషి పళ్ళు తోముకోవడం చూడాలి మీరు. బ్రష్ నోట్లో పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళని చూస్తారు, రెండుసార్లు అటూ ఇటూ ఆడిస్తారు, ఉమ్మేస్తారు. అయిపోయింది.

పోనీ ఇంట్లో చెప్పే దిక్కు లేకనా అంటే, చెప్పడమే నా ఉద్యోగం. పళ్ళ డాక్టరమ్మ దగ్గర క్లీనింగ్ చేసేది నేనే. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసి, పళ్ళకి పట్టిన గార గీకి, బొమ్మ దవడ చేతిలో పట్టుకుని బ్రష్ ఎలా తిప్పాలో చూపిస్తాను. ఎంతోమంది నా మాట విని బాగుపడ్డారు. ఇంటికొస్తే మాత్రం నా మాటకి పూచికపుల్ల విలువ లేదు.

"ఏమండీ, ఒక్కసారి వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి. మీ చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి" అంటే, "నొప్పి లేదు కదే" అనేవారు.

"ఇది నొప్పి పుట్టేదాకా ఆగే జబ్బు కాదండీ. చప్పుడు చెయ్యకుండా తినేస్తుంది."

"నొప్పి లేకపోతే ఇంకా మంచిదేగా."

మా అత్తగారు లోపల్నుంచి అందుకునేవారు. "మావాడి పళ్ళకేమే, ముత్యాల్లా ఉంటేనూ! నీకు ఎవరి నోరు చూసినా రోగమే కనిపిస్తుంది."

నెత్తీ నోరూ కొట్టుకోవడం తప్ప నేను చేయగలిగింది ఏముంది?

ఆయన మొండితనానికి ఒక కారణం ఉంది. ఆయనకి క్లారినెట్ నేర్పింది వాళ్ళ పెదనాన్నగారు. ఆ పెద్దాయన ముసలితనంలో ఎవరో బలవంతం చేస్తే పళ్ళు క్లీన్ చేయించుకున్నారట. తర్వాత ముందు పళ్ళు ఒకదాని వెనక ఒకటి ఊడిపోయాయి. ఆయన మళ్ళీ వాయించలేదు. "ఆ గారే వాటిని పట్టుకుని ఉంది. మీవాళ్ళు గీకేశారు, రాలిపోయాయి" అంటారు మా ఆయన. చిగురూ ఎముకా ఎప్పుడో పోయి ఉంటాయనీ, ఆ గారే వాటిని తినేసి ఉంటుందనీ, ఆలస్యంగా వెళ్ళడం వల్లే పళ్ళు ఊడాయనీ నేను ఎన్ని రకాలుగా చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవారు.

ఒక సెలవురోజు ఆయన రిహార్సల్‌కి బయల్దేరుతుంటే బ్యాండు మాస్టారు ఫోన్ చేశారు. మౌత్‌పీస్ నా చేతిలో పెట్టి, "పట్టుకో, కింద మాత్రం పెట్టకు" అని అవతలికి వెళ్ళారు. దాన్ని ముట్టుకునే భాగ్యం నాకు ఎప్పుడోగాని రాదు, అందుకని తిప్పి చూశాను. పైన, ముందు పళ్ళు ఆనే చోట, ఏళ్ళ తరబడి కొరికిన చిన్న గాటు ఉంది. అది ఉండాల్సిందే. దాని పక్కన, ఎడమవైపు, ఇంకో గాటు కనిపించింది. కొత్తది. ఇంకా అంచులు కూడా అరగలేదు.

ఇన్నేళ్ళుగా ఒకే చోట కొరికే మనిషి చోటు ఎందుకు మార్చారు?

ఆయన ఫోన్ పెట్టేసి రాగానే, "నోరు తెరవండి" అన్నాను.

"ఇప్పుడేమిటే? టైమైపోతోంది."

"నోరు తెరవండి అన్నాను."

నా మొహం చూసి తెరిచారు. పై వరసలో మధ్య పన్ను మీద వేలు పెట్టి నొక్కాను. కదిలింది. దాని ఎడమ పక్కదాన్ని నొక్కాను. అది కూడా కొంచెం ఊగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొన్నాళ్ళ నుంచే... వాయిస్తుంటే వదులుగా అనిపించింది. అందుకని దానికి కాస్త రెస్టిచ్చి పక్కదాని మీద పెట్టుకుని వాయిస్తున్నా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పన్నుకి రెస్టట! పెళ్ళాం పగలంతా చేసే పని అదే అయితే, ఆమెతో ఒక్క ముక్క చెప్పకుండా, తనే వైద్యం కనిపెట్టి, నిలబడి ఉన్న పన్నుని కూడా ఊడగొట్టుకుంటున్నారు. అరుద్దామని నోరు తెరిచాను. అప్పుడే ఆయన కుర్చీలో కూలబడి, "ఇది పోతే నేను బ్యాండులో ఏం చెయ్యనే? తాళాలు కొట్టనా?" అన్నారు. నా కోపం కోపంగానే ఉంది గానీ తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ క్లారినెట్ లేని మా ఆయన్ని నేను ఊహించుకోలేను.

క్లీనింగ్‌కి ఒప్పుకున్నారు. ఇంకెవరూ వద్దు, నేనే చెయ్యాలన్నారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఎముక కొంత తగ్గింది. ఇప్పుడే తీసేయాల్సిన పని లేదు. శుభ్రం చేశాక వెనకవైపు సన్నటి తీగతో పక్క పళ్ళకి కలిపి కడతాను. తర్వాత చిగురు గట్టిపడాలి. అది మాత్రం ఇంట్లో మీరు చేసుకునేదాన్ని బట్టే ఉంటుంది. గట్టిపడకపోతే మాత్రం పన్ను దక్కదు" అని ఉన్నదున్నట్టు చెప్పారు.

ఎన్ని నోళ్ళు శుభ్రం చేసిన చేతులో ఇవి. ఆ రోజు ఒక్కో పన్నుకీ రెండింతల టైము తీసుకున్నాయి. పని అయ్యి, డాక్టరమ్మ తీగ కట్టాక అద్దం ఇస్తే ఆయన చూసుకుని, "చూశావా, ఖాళీలు పడ్డాయి" అన్నారు.

"పడలేదు, ఎప్పుడో ఉన్నాయి. ఇన్నాళ్ళూ గార నిండి కనబడలేదు."

ఆయనకి నమ్మకం కుదర్లేదు. సాయంత్రం క్లారినెట్ తీశారు. మౌత్‌పీస్ ఆనించగానే పళ్ళు జివ్వుమన్నాయి. స్వరం ఎత్తుకున్నారు, అది మధ్యలో వణికి జారిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ జారిపోయింది. క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని, "పెదనాన్నకీ ఇలాగే మొదలైంది" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బ్యాండు మాస్టారు ఆయన వాయించే ముఖ్యమైన భాగం ఇంకొకరికి ఇచ్చారు. మా ఆయన నాతో మాటలు తగ్గించేశారు. మా అత్తగారైతే నేను ఎదురుపడినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేవారు.

మా ఆయన బ్రష్ మీద మాత్రం ప్రతాపం చూపించేవారు. గిన్నెలు తోమినట్టు బరబరా రుద్దుతుంటే చూడలేక వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"కోపముంటే నామీద చూపించండి, చిగుళ్ళ మీద కాదు. ఏటవాలుగా, చిగురు అంచున పెట్టండి. మీ క్లారినెట్ మీటలు ఇంత గట్టిగా నొక్కుతారా? అంత మెల్లగా కదపండి."

చేతి విసురు తగ్గింది. పళ్ళ సందుల్లోకి వెళ్ళే చిన్న బ్రష్ ఇస్తే, పెట్టి తీసి నా మొహం ముందు ఆడించారు. "ఇదిగో రక్తం! సంతోషమా?"

"ఆపేస్తే ఇంకా వస్తుంది. రోజూ చేస్తేనే తగ్గుతుంది."

తలుపేసుకున్నారు. ఆ రోజు నుంచి అలాగే తలుపేసుకుని తోముకునేవారు. లోపల నిజంగా చేస్తున్నారో, కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారో నాకేం తెలుసు? తలుపు అవతల నిలబడి చెవి ఆనించి వినే దుస్థితి పట్టింది నాకు. మొగుడు ఎవరితోనో గుసగుసలాడుతున్నాడేమోనని వినేవాళ్ళు ఉంటారు. నేను బ్రష్ చప్పుడు కోసం వినేదాన్ని.

డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న రోజు వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఉమ్మి లాగే పైపు నోట్లో పెట్టాను. డాక్టరమ్మ సన్నటి పుల్ల నా చేతికిచ్చి, "నువ్వే చూడమ్మా" అన్నారు. చిగురు గట్టిపడకపోతే ఆ పుల్ల తగలగానే రక్తం చిమ్ముతుంది. ఒక్కో పన్ను చుట్టూ నెమ్మదిగా పోనిచ్చాను. మధ్య పన్ను దగ్గరికి వచ్చాను. పోనిచ్చాను. ఆగాను. చూశాను.

రక్తం రాలేదు.

డాక్టరమ్మ వేలితో పన్నుని నొక్కి చూశారు. "నిలబడింది. ఇక మెల్లగా వాయించుకోవచ్చు, సార్. బ్యాండులో ముఖ్యమైన భాగం మళ్ళీ మీరే తీసుకోండి."

అంతే, ఇన్నాళ్ళుగా అణచుకున్నదంతా తన్నుకొచ్చింది. "ఏం మనిషండీ మీరు! ఊళ్ళో అందరి పళ్ళూ నాకు కావాలి, మీవి అక్కర్లేదనుకున్నారా? పక్కలో పడుకునే మనిషికి చెప్పకుండా, ఒక్కరే కూర్చుని ఎలా భయపడ్డారండీ ఇన్నాళ్ళు? నాకు చెబితే మీ సొమ్మేం పోయేది?" ఏడుపొచ్చి మాస్కంతా తడిసిపోతోంది. ఆయన కళ్ళు తెరిచి, పైపు అడ్డంగా ఉండడంతో "ఆ... ఆ..." అంటూ నా మణికట్టు పట్టుకున్నారు.

"ముందు ఆ పైపు తియ్యమ్మా, పాపం ఆయన ఏదో చెప్పబోతున్నారు" అన్నారు డాక్టరమ్మ.

"తియ్యను డాక్టర్‌గారూ. నాది ఇంకా అవలేదు."