పై రేవు వంతెన

ఆర్థిక మంత్రి గదిలోకి జౌకలా రోకాయాను జనం దాదాపు మోసుకొచ్చారు. నుదుటి నుంచి గడ్డం దాకా ఎర్రటి అబీరు పొడి పూసి, మెడలో బంతిపూల దండలూ వాటిమీద ఖాదా కండువాలూ వేసి, చెవులు కూడా కనిపించకుండా కప్పేశారు. నేపాల్ పడమటి కొండల్లోని ఆ ప్రదేశ్‌కి సొంత ప్రభుత్వమంటూ ఏర్పడి పదేళ్లు నిండలేదు. గోడమీద మాజీ ఆర్థిక మంత్రుల పేర్లు రాసిన చెక్క మాత్రం అప్పుడే నిండిపోయింది. పొత్తు చెడిన ప్రతిసారీ కుర్చీ ఖాళీ అవుతుంది, చెక్క మీదకి ఇంకో పేరు ఎక్కుతుంది. ఈసారి చోటు చాలక దాని కింద మరో ముక్క మేకులతో దిగ్గొట్టారు.

కుర్చీలో కూర్చోగానే కెమెరాల ముందు మొదటి నిర్ణయం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం అయ్యేదాకా అక్కడ ఏ మంత్రీ టీ అయినా ముట్టడు. కార్యదర్శి టీకారామ్ పౌడ్యాల్ ఒక కాగితం సిద్ధంగా ఉంచాడు. ఆర్థికాభివృద్ధి మీద నిపుణుల సంఘం వేస్తామని అందులో ఉంది. ఎవరికీ లాభం లేదు, ఎవరికీ నష్టం లేదు. టీకారామ్ రాసే కాగితాలన్నీ అంతే.

జౌకలా దాన్ని పక్కకు జరిపింది. "ఇది కాదు. గైరీగావ్ కింది రేవులో వంతెన. రాయండి."

గది దద్దరిల్లింది. లారీ ఎక్కి వచ్చిన గైరీగావ్ వాళ్లంతా అక్కడే ఉన్నారు. అందరికంటే గట్టిగా అరిచింది ఆమె మేనత్త, సేతీ ఫుపూ. గైరీగావ్ వాళ్లు నది దాటాలంటే ఇప్పటికీ తుయినే గతి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక ఇనప తీగ, దానికి వేలాడే చెక్కపెట్టె. అందులో కూర్చుని తాడు లాక్కుంటూ పోవాలి. బడి అవతలి ఒడ్డున ఉంది. తల్లి లేని జౌకలాను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏళ్ల తరబడి తాడు లాగింది ఫుపూయే. ఒకరోజు కప్పీలో పడి ఆమె రెండు వేళ్లు తెగిపోయాయి. మర్నాడు గుడ్డ చుట్టుకుని మళ్లీ లాగింది. జౌకలా చదువైనా, రాజకీయమైనా, ఈ కుర్చీ అయినా ఆ తాడు పట్టుకుని వచ్చినవే. ఆ మాట ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

జనం వెళ్లాక టీకారామ్ గొంతు సవరించుకున్నాడు. "మంచి నిర్ణయం, మంత్రిజ్యూ. ఇదివరకు ఇద్దరు మంత్రులు కూడా ఇదే తీసుకున్నారు."

"ఏది?"

"అక్కడ వంతెన కట్టాలనే. ఒక్కొక్కరు ఒక్కో చోట అనుకోండి. మీ ఊరి ఒడ్డున రెండు శంకుస్థాపన రాళ్లు చూసే ఉంటారు."

చూడకేం. వాటిమీద జనం మిరపకాయలు ఆరబెట్టుకుంటారు.

"మరి వంతెన ఏదయ్యా?"

"వంతెనకు రెండేళ్లు పడుతుందండీ. మంత్రి పదవి అన్నాళ్లుండదు. కొత్తాయన రాగానే పాతాయనది ఆపేసి, తనది మొదలుపెడతాడు. ఖర్చు కాని డబ్బు, ఆర్థిక సంవత్సరం ముగిసే అసార్ నెలాఖరుకు వెనక్కి పోతుంది." మిగతాది కూడా చెప్పాడు. "ఇప్పుడు పై రేవులో డంబర్ షాహీగారిది నడుస్తోంది. ఒక పక్క స్తంభం లేచింది, వంతెనను వేలాడదీసే తీగలు కూడా దిగాయి. ఈ బడ్జెట్‌లో డబ్బు వేస్తే వచ్చే ఏడాదికి పూర్తవుతుంది. వేయకపోతే ఆగిపోతుంది. మన దగ్గరున్న డబ్బు ఒక్క వంతెనకే సరిపోతుంది."

డంబర్ షాహీ ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు, పొత్తు చెడి దాన్ని ఆమెకు వదిలినవాడు. పై రేవు అతని ఊరు. గైరీగావ్ వాళ్లు అక్కడికి పోవాలంటే కొండ చుట్టి నడవాలి.

రెండు రోజులకు అతనే వచ్చాడు. అడక్కుండానే కూర్చుని, టీ తెప్పించుకున్నాడు.

"కుర్చీ ఎలా ఉంది, బహినీ? ఎడమ చెయ్యి కొంచెం ఊగుతుంది, జాగ్రత్త."

"మీరే ఊపి వెళ్లారు కదా, డంబర్ దాయీ." చెల్లీ అన్నవాణ్ని ఆమె కూడా అన్నా అనే పిలిచింది.

"ఊపింది నేను కాదు, మీ పార్టీ," అని పగలబడి నవ్వాడు. "విను. నా వంతెన ఆపుతావని తెలుసు. ఆపెయ్, ఏమీ అనుకోను. నా ముందువాడిది నేనూ ఆపాను. రేపు మళ్లీ నేనొచ్చి నీది ఆపుతాను. అదే కదా మన ఉద్యోగం."

"మీ వంతెన పూర్తయితే పేరు మీకు, తిట్లు నాకు."

"అవునమ్మా. అందుకే ఎవ్వరూ ఆ పని చెయ్యరు."

అతను వెళ్లాక జౌకలా టీ చల్లారబెట్టుకుని కూర్చుంది. ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు, అతను చెప్పింది నిజం కావడం మీద. సొంత వంతెన మొదలుపెడితే గైరీగావ్‌లో ఆమెను నెత్తిన పెట్టుకుంటారు. పొత్తు ఈ దసైఁ పండుగ దాకా నిలిస్తే గొప్పే. ఆ తర్వాత ఒడ్డున మూడో రాయి ఉంటుంది, ఫుపూ తుయిన్‌లోనే ఉంటుంది. పేరా, వంతెనా అని ఇంకా తనను తాను అడుక్కోవాల్సి రావడమే ఆమెకు సిగ్గనిపించింది.

టీకారామ్‌ను పిలిచింది. "పై రేవు వంతెనకు డబ్బు వెయ్యండి."

"మరి మొదటి నిర్ణయం, మంత్రిజ్యూ?"

"రెండోది తీసుకున్నానని రాసుకోండి."

బడ్జెట్ ప్రసంగంలో ఆ వంతెనకు దక్కింది ఒక్క వాక్యం. సభలో ఎవరూ బల్లలు చరచలేదు. డంబర్ షాహీ మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రమే ఫుపూ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"షాహీగాడి ఇంటి ముందు వంతెన వేశావటగా!"

"ఫుపూ, అది పూర్తవుతుంది. మనది..."

"నా వేళ్లు పోయింది ఏ రేవులోనే? పై రేవులోనా? ఊళ్లో నా మొహాన ఉమ్మేస్తున్నారు. ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

జౌకలా మళ్లీ మళ్లీ చేసింది. ఫుపూ ఎత్తలేదు. గడ్డిబొమ్మకు ఆమె పేరు పెట్టి గైరీగావ్ కుర్రాళ్లు తగలబెట్టిన ఫొటో మాత్రం ఫోన్‌లోకి వచ్చింది. ఆ రాత్రి ఆమె ఏడ్చింది.

దసైఁ కంటే ముందే పొత్తు విరిగింది. డంబర్ షాహీ మళ్లీ మంత్రయ్యాడు. వంతెన తనదే గనక ఆపడానికి అతనికి కారణం కనిపించలేదు, మరుసటి ఏడాది తనే రిబ్బన్ కత్తిరించాడు. జౌకలాకు పిలుపు రాలేదు. తర్వాత వచ్చిన ఎన్నికల్లో పై రేవు వాళ్లు వంతెన ఇచ్చినందుకు షాహీకి ఓట్లేశారు, గైరీగావ్ వాళ్లు వంతెన ఇవ్వనందుకు ఆమెకు వేయలేదు. ఓట్ల పెట్టెలు మొదటిసారి తుయిన్ ఎక్కకుండా, వంతెన మీదుగా వచ్చాయి. ఆమె చిత్తుగా ఓడిపోయింది.

ఓడినవాళ్లకు రాజధానిలో పనుండదు. జౌకలా ఒక సంచి భుజాన వేసుకుని ఊరి దారి పట్టింది. పై రేవు చేరేసరికి బడి వదిలిన వేళయింది. వంతెన సగం దాటాక ఎదురుగా వీపున డోకో బుట్టతో ఫుపూ వస్తూ కనిపించింది. బుట్ట నిండా ఉప్పు, బియ్యం. సంతలో కొనుక్కుని వంతెన దాటాక, ఏదో మరిచిపోయి వెనక్కి తిరిగినట్టుంది.

ఫుపూ నడి వంతెన మీద నిలబడిపోయింది. ఇన్నాళ్లూ మూసుకున్న నోరు ఒక్కసారి తెరుచుకుంది.

"వచ్చావా మహారాణీ! చూడు నా మోకాళ్లు! ఇంటి ముందు రేవుంచుకుని, నీ మూలాన ఈ కొండంతా చుట్టి చావాలి. ఒక్క పూటకి అయ్యే పనికి రోజంతా పడుతోంది. ఎండకెండి, వానకు తడిసి, ఎవడి కోసమే ఈ నడక?"

బడిపిల్లలు వాళ్లను తోసుకుంటూ పరుగెత్తారు. వంతెన ఊగింది. ఫుపూ ఏమీ పట్టుకోలేదు, మాటా ఆపలేదు.

"తప్పే, ఫుపూ," అంది జౌకలా.

"తప్పంటే సరిపోయిందా? ఇలా పట్టు."

జౌకలా డోకో అందుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుంది. ఫుపూ మరిచిన వస్తువు సంగతి వదిలేసి, చేతులు ఊపుకుంటూ ఊరి వైపు ముందు నడిచింది. అవతలి ఒడ్డు చేరేదాకా దూరం గురించి తిడుతూనే ఉంది. కింద నది ఉందన్న సంగతే ఆమెకు గుర్తులేదు.