బోటీ కడిగిన చేతులు

“మా కృపా చేతిలో పడితే బోటీకి వాసనే ఉండదు” అని అత్తగారు పదిమందిలో మెచ్చుకుందంటే, వెనకాలే ఇంకో బకెట్ వస్తుందని కృపాబాయికి తెలుసు. కెనడాలో, సస్కటూన్‌లోని వాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రేమవిందంటే అంతే. గొర్రెలు తెచ్చేది మగవాళ్ళు, ప్రార్థనలో పేర్లు చదివించుకునేదీ మగవాళ్ళే. చర్చి బేస్‌మెంట్‌లో పొట్టలు చీల్చి, పేడ కడిగి, పేగులు తిరగేసి ఉప్పూ పసుపూ పట్టించి రుద్దేది మాత్రం కృపాబాయి, ఏనీ, శాంత, ఆరోనెల కడుపుతో ఉన్న అనిత.

వారమంతా పశువుల రోగాలు పరీక్షించే ల్యాబ్‌లో కృపాబాయి ఉద్యోగం. అక్కడ పేగు ముక్క ముట్టుకోవాలంటే రెండు జతల గ్లోవ్స్ వేసుకోవాలి. ఈసారి విందుకి నాలుగు జతలు పట్టుకెళ్తే అత్తగారు మూతి ముడిచింది. “తినేదాన్ని అసహ్యించుకుంటే ఎలాగమ్మా?” అంది. చదువుకున్న కోడలు సిగ్గుపడి గ్లోవ్స్ తీసేసింది. అనితవీ తనే తీయించింది.

నాలుగో రోజుకల్లా ఆ నలుగురికీ జ్వరం, విరేచనాలు. విందు తిన్నవాళ్ళు ఎనభైమంది, పడకేసింది నలుగురే. “అదే కూర మేమూ తిన్నాం, మాకేం కాలేదే? మీ ఆడాళ్ళ కడుపులే అంత” అని నవ్వాడు భర్త నతానియేలు. నిజమేనేమో అనుకుంది కృపాబాయి. ఇలాంటి మాటలు నమ్మడం ఆమెకు బాగా అలవాటు.

తేరుకుని ల్యాబ్‌కి వెళ్ళిన రోజే ఒక ఫార్మ్ నుంచి గొర్రెపిల్లలు వచ్చాయి, నెలలు నిండకుండా చచ్చిపుట్టినవి. వాటి కడుపులోంచి తీసిన నీళ్ళలో మెలితిరిగిన బాక్టీరియా గిరగిరా ఈదుతోంది. కాంపిలోబాక్టర్. మనుషులకి సోకితే జ్వరం, విరేచనాలు. వాటితో వచ్చిన కాగితం మీద ఫార్మ్ పేరు చూసింది. నతానియేలు గొర్రెలు కోయించుకొచ్చిన ఫార్మే అది. ఉడికితే ఆ పురుగు చస్తుంది. కడిగేవాళ్ళ చేతికి మాత్రం పచ్చిగానే అంటుతుంది. తిన్నవాళ్ళంతా అందుకే గుండ్రాళ్ళలా తిరుగుతున్నారు.

ఇంటికి వచ్చేసరికి అనితని ఆసుపత్రిలో చేర్చారనీ, బిడ్డ కదలికలు తగ్గాయనీ చెప్పింది అత్తగారు. సంఘపెద్ద కాబట్టి నతానియేలుకే హెల్త్ డిపార్ట్‌మెంట్ నుంచి ఫోను. స్పీకర్‌లో పెట్టి జవాబులు చెబుతున్నాడు.

“మాంసం ఎక్కడిది?”

“షాపులోదే” అన్నాడు. ఫోన్ మ్యూట్ చేసి భార్య వైపు తిరిగాడు. “ఫార్మ్ సంగతి ఎత్తకు. సంఘం పరువు పోద్ది. పై ఆదివారానికి అక్కడే ఇంకో మూడు గొర్రెలు చెప్పేశాను.”

“వాటి బోటీ ఎవరు కడుగుతారండీ?”

“ఎవరేంటి? మీరే.”

ఆయన మ్యూట్ తీశాడు. అవతలి అమ్మాయి అడిగింది. “జబ్బుపడ్డవాళ్ళు విందులో ఏమేం తిన్నారు?”

కృపాబాయి చెయ్యి చాపి ఫోన్ అందుకుంది.

“వాళ్ళు తిన్నది కాదు, కడిగింది రాసుకోండి. గొర్రెలు ఏ ఫార్మ్‌వో కూడా చెప్తాను. ముందు అనిత పేరు రాయండి. ఆమె గ్లోవ్స్ తీయించింది నేనే.”