పావు మలుపు

రాజారత్నం ఇంజను మీద కప్పిన తడి చీరను తీసి, బయటికి తీసుకెళ్లి దులిపి, మడతపెట్టి బల్ల మీద వేశాడు. మిర్యాలగూడలో, అదీ హాలియా రోడ్డు మీద, రైస్ మిల్లుల పక్కన కార్ల రిపేరు షెడ్డు పెట్టుకున్నవాడికి ఊక బూడిదతో రోజూ ఇదే గొడవ. ఎంత కప్పినా ఆ సన్నటి నల్లపొడి ఎక్కడో ఒకచోట దూరుతూనే ఉంటుంది. బెల్టు వేసేచోట మాత్రం రవ్వంత కూడా పడకూడదని ఆయన పట్టుదల. అందుకోసం భార్య లింగమ్మ చీరలు ఎన్ని పోయాయో ఆవిడకే తెలియాలి. తనకంటే కార్లే ఎక్కువ చీరలు కట్టాయని ఆవిడ మొగుణ్ణి దెప్పుతూ ఉంటుంది.

ఈ తెల్లటి పాత మారుతి దీపది. వాళ్ల నాన్న స్టీఫెన్, రాజారత్నం చర్చిలో ఒకే వరసలో కూర్చునేవాళ్లు. స్టీఫెన్ పోయాక కారు బిడ్డకు మిగిలింది. దీప నడిగూడెంలో టీచరు. కోదాడలో గది కిరాయికి తీసుకుని ఉంటుంది, సెలవులకు మాత్రం తల్లి దగ్గరికి వస్తుంది. దసరా సెలవులు అయిపోయాయి, రేపు బడి తెరుస్తారు. ఈ సాయంత్రం ఆ పిల్ల ఒక్కతే కారు నడుపుకుంటూ కోదాడ వెళ్లాలి. దారి పొడుగునా పొలాలు, నిండుగా పారే కాలువలు. బండి ఆగితే పిలిస్తే పలికే మనిషి ఉండని చోట్లు చాలా ఉన్నాయి.

బానెట్ కింద, ఇంజను పక్కన, పై చక్రాన్నీ కింది చక్రాన్నీ కలిపి తిప్పే పళ్ల రబ్బరు బెల్టు ఇవాళ మార్చాల్సింది. వదులైతే పళ్లు జారిపోతాయి. మరీ బిగిస్తే ముందే అరిగిపోతుంది. తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. పొద్దున తీసిన పాతదాన్ని వంచి చూస్తే వెనకవైపంతా ఎండాకాలం చెరువులాగా నెర్రెలు. కొత్తది సూర్యాపేట నుంచి బస్సులో పార్శిలు వచ్చింది. రాజారత్నం చక్రాల మీది గుర్తులకు తెల్లరంగు చుక్కలు పెట్టి, వాటిని ఎదురెదురుగా నిలిపి, బెల్టు ఎక్కించాడు. ఇక మిగిలింది బిగువు చూడటం.

బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య పట్టుకుని మెలిపెట్టాలి. పావు వంతు తిరిగి ఆగిపోవాలి. అంతకు మించి తిరిగితే వదులు, అంత కూడా తిరగకపోతే బిగువు. ఆయన ఇన్నేళ్లూ చేసింది అదే, నేర్చుకున్నదీ అదే. ఇవాళ మెలిపెట్టాడు. బెల్టు తిరిగిందో, తన వేళ్లే జారాయో తెలియలేదు.

మళ్లీ పట్టుకున్నాడు. మలుపు కంటికి కనిపిస్తోంది. కానీ దానికి ఎంత బలం పెట్టాడో కన్ను చెప్పదు కదా. షుగరు వచ్చి వేళ్లు మొద్దుబారడం మొదలై చాలాకాలమైంది. పోయినవారం వేడి సైలెన్సరు మీద చెయ్యి పెట్టి, చర్మం కమురు వాసన వచ్చేదాకా తెలుసుకోలేకపోయాడు. ఆ బొబ్బను లింగమ్మకు కనపడకుండా గుడ్డ చుట్టుకు తిరిగాడు. ఇంటికి తెలిస్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే షెడ్డు ముందు బండి ఆగదు. ఇంకో పని ఆయనకు రాదు. ఇంకో పని కావాలని ఎన్నడూ అనిపించలేదు కూడా.

బెల్టు మీద బిగించే కవరు చేతిలోకి తీసుకున్నాడు. బిగించేస్తే లోపల ఏముందో ఎవరూ చూడరు. ఇంజను స్టార్టవుతుంది, ఊరు కూడా దాటుతుంది. ఆ తర్వాత సంగతి తలచుకుంటేనే ఆయనకు భయం వేసింది. కాలువ కట్ట పక్కన, పొద్దుగూకే వేళ, ఆగిన కారులో స్టీఫెన్ బిడ్డ. కవరు కింద పెట్టేశాడు. ఆయనకు సిగ్గుగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

"లింగమ్మా, జర ఇటు రా."

షెడ్డు వెనకే ఇల్లు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతున్నది ఏరినట్టే వదిలేసి వచ్చింది.

"ఈ బెల్టు వట్టుకొని తిప్పి సూడు. నా ఏళ్లకు తెలుస్తలేదు."

అనేశాడు. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. లింగమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది.

"నాకెర్కే. అంగీ గుండీలు సూసుకుంట వెట్టుకుంటున్నవ్ గద."

ఆవిడ ఇంజను మీదికి వంగి, బెల్టు పట్టుకుని, ఎట్లా ఉండాలని అడిగింది. చేసే పనే గాని చెప్పే పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. పెళ్లయిన కొత్తలో లింగమ్మ నాట్లకు పోయేది. నారు పీకి కట్టలు కట్టడంలో ఆవిడకు వంక పెట్టినవాళ్లు లేరు.

"నారు కట్ట కట్టినట్టుండాలె. ఇసిరితె ఊడొద్దు, నారు నలగొద్దు."

లింగమ్మ మెలిపెట్టి, తల అడ్డంగా ఊపింది. నలుగుతుందంది. ఆయన బోల్టు వదులు చేసి మళ్లీ బిగించాడు. ఈసారి ఊడుతుందంది. ఇంకోసారి బిగించాడు. ఆవిడ కళ్లు మూసుకుని మెల్లగా తిప్పింది.

"గిప్పుడు మంచిగుంది."

రాజారత్నం కింది చక్రం బోల్టుకు పానా తగిలించి ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పాడు. తాళం పెట్టేముందు చేత్తో తిప్పి చూడనిదే ఆయన ఏ బండినీ వదల్లేదు. ఎక్కడా పట్టెయ్యలేదు. తెల్లచుక్కలు మళ్లీ ఎదురెదురుగా వచ్చి నిలిచాయి. లింగమ్మ ఇంకొకసారి పట్టి చూసి తల ఊపింది. ఆయన కవరు బిగించాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది, చెమట ఆగడం లేదు. కానీ గుండెల మీది బరువేదో దిగినట్టయింది. ఇన్నాళ్లూ ఎందుకు దాచానా అనిపించింది.

"రేపటి సంది బెల్టు పనొస్తె నువ్వు గూడ రావాలె," అన్నాడు.

"అయితె నాకో చీర కొను. ఇంజన్లకు కప్పనిది."

చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు.

సాయంత్రం దీప వచ్చి బండి స్టార్టు చేసింది. ఇంజను చప్పుడు ఆగి ఆగి కాకుండా ఒకే తీరుగా వచ్చింది. కోదాడ చేరగానే ఫోను చెయ్యమని రాజారత్నం ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కారు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

తీసిన బెల్టును ఆయన ఎప్పుడూ ఉంచడు. హాక్సా బ్లేడుతో రెండు ముక్కలుగా కోసి పారేస్తాడు. తుడిచి కొత్తదని అమ్మేవాళ్లుంటారు. చేసేంత చేసింది, దాన్ని మళ్లీ ఎవరూ పనికి పెట్టొద్దు అంటాడు. ఇవాళ బ్లేడు అందుకున్నాడు గాని చెయ్యి లేవలేదు. బెల్టును మేకుకు తగిలించి, చాయ్ తాగి కోస్తానని చెప్పి, పాత జీపు సీటులో కూర్చున్నాడు.

లింగమ్మ చాయ్ తెచ్చేసరికి ఆయన తల ఒక పక్కకు వాలి ఉంది. పిలిచింది. భుజం పట్టి కదిపింది. గ్లాసు కింద పడిపోయింది. ఆవిడ కేకకు మిల్లు హమాలీలు పరుగెత్తుకొచ్చారు. ఎవరో డాక్టరును బండి మీద ఎక్కించుకొచ్చారు. డాక్టరు నాడి చూసి, తల దించుకుని, దవాఖానకు పోయి లాభం లేదన్నాడు.

షెడ్డులోనే మంచం వేసి పడుకోబెట్టారు. మిల్లు గొట్టం నుంచి బూడిద రాలుతూనే ఉంది. ముఖం మీద పడకుండా లింగమ్మ కొంగు అడ్డం పట్టుకుని కూర్చుంది.

బల్ల మీద ఆయన ఫోను మోగింది. ఎవరో తెచ్చి లింగమ్మ చేతికిచ్చారు. ఆవిడ హలో అనగానే అటువైపు దీప.

"పెద్దమ్మా, కోదాడ చేరిన. బండి కొత్తదాని తీరు నడిచింది. పెద్దనాయినకు చెప్పు."

నిజం చెబితే ఆ పిల్ల ఈ చీకట్లో వచ్చిన దారినే మళ్లీ బయలుదేరుతుంది.

"చెప్త బిడ్డా. బువ్వ తిని పండుకో," అంది.

ఫోను పక్కన పెట్టి తలెత్తితే ఎదురుగా మేకుకు పాత బెల్టు, ఇంకా కొయ్యకుండా, వేలాడుతోంది.