ఇద్దరు ష్మిట్‌లు, ఒక ఉంగరం

తాంబూలాలు పుచ్చుకున్నప్పటి నుంచీ స్వాతికి మనసు మనసులో లేదు. కారణం జెనీ. జర్మనీ నుంచి ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ కాలేజీకి పరిశోధనకని వచ్చిన పిల్ల. స్వాతి కట్టుకోబోయే మేనబావ సాయికుమార్ పనిచేసేదీ ఆమె చేరిన ల్యాబులోనే. ఆ పిల్ల సైకిల్ చైను ఊడితే ఎక్కించేది సాయి. రసగుల్లా తినాలనుందంటే గోల్‌బజారుకు పరిగెత్తేదీ సాయే. స్వాతి ఫోను చేస్తే మాత్రం ఎత్తడానికి తీరిక ఉండదు.

ఒక్కటే ఊరట. జెనీ రోజూ మార్టిన్ అనే అతనితో ఫోనులో తెగ మాట్లాడుతుందట. తనవాడంటూ ఒకడున్నాడు కదా, మన బావ జోలికి రాదులే అని స్వాతి గుండె దిటవు చేసుకుంది.

ఆ మార్టిన్ జెనీని చూసిపోదామని ఖరగ్‌పూర్ వచ్చాడు. ఆదివారం సాయి ఇద్దరినీ ఝపటాపూర్‌లోని స్వాతి వాళ్ళింటికి భోజనానికి తీసుకొచ్చాడు. స్వాతి తాత తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని చేసి రిటైరైనవాడు. గడప తొక్కిన వాళ్ళను మంచినీళ్ళకన్నా ముందు ఇంటిపేరు అడుగుతాడు. అది తెలిస్తే వరస తెలిసినట్టేనని ఆయన లెక్క.

“బాబు ఇంటిపేరేటిరా?”

“ష్మిట్ అట తాతా.”

“మరి ఈ గుంటదేటి?”

“ఈవిడిదీ అదే.”

“అయితే అన్నాసెల్లెల్లన్నమాట,” అని తాత పీట జరుపుకున్నాడు.

సాయి ఆ మాట విననేలేదు. వంగి, జెనీ కంచంలో చేప ముళ్ళు ఏరిపెడుతున్నాడు. వడ్డిస్తున్న స్వాతి చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఈవిడ మాట్లాడింది అన్నతోనన్నమాట. అంటే ఈవిడకు ఎవరూ లేరు. లేరు కాబట్టే ఈ ముళ్ళు, ఆ రసగుల్లాలు.

సాయిని పెరట్లోకి పిలిచి, వేలికున్న నిశ్చితార్థపు ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టింది.

“ఏటిది?”

“ఆవిడికెట్టుకో. ముల్లు తీసిన సేత్తోనే ఎట్టు.”

“నీకు గానీ పిచ్చెక్కిందేటే?”

“ఒకింటిపేరోడు అన్న గాక మొగుడౌతాడేటి?”

సాయి నోరు తెరిచి, నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళి జెనీని అడిగాడు. ఆమె చెప్పిందంతా అందరికీ తెలుగులో చెప్పాడు. ష్మిట్ అంటే వాళ్ళ భాషలో కమ్మరి. పూర్వం ఊరూరా కమ్మరి ఉండేవాడు, చేసే పనే ఇంటిపేరైంది. అందుకే ఆ దేశంలో ఎటు చూసినా ష్మిట్‌లే. ఈమెది దక్షిణాన కొండల్లో ఊరు, అతనిది ఉత్తరాన సముద్రం ఒడ్డు. చుట్టరికం ఏమీ లేదు. వచ్చే ఏడాది పెళ్ళి.

తవిటయ్య చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి ఆలోచించాడు.

“నిజమేనర్రా. మా షాపులో సమ్మెట కొట్టినోలందరికీ అదే ఇంటిపేరెట్టుంటే, ఈ ఊర్లో సగం పెల్లిల్లు ఆగిపోనూ.”

స్వాతి తలెత్తకుండా చెయ్యి చాచింది. సాయి ఉంగరం గుప్పిట్లోనే ఉంచాడు.

“నన్నంత సెడ్డోడనుకున్నావా?”

“అనుకున్నాను. ఇచ్చీయ్.”

అతనే తొడిగాడు. అంతలో, వెళ్ళొస్తామని చెప్పి బయటికెళ్ళిన జెనీ వీధిలోంచి కేక వేసింది. సైకిల్ చైను మళ్ళీ ఊడింది. సాయి అడుగు ముందుకు వేశాడు.

“నువ్వాగు బావా,” అంటూ స్వాతి మసిగుడ్డ అందుకుని తనే వీధిలోకి నడిచింది. “నానెక్కిస్తాను.”