మూడో ఆమెన్

ఫారో దీవుల్లో మాది చిన్న రేవు. సాల్మన్ చేపలను పెంచే వలలను ఏడాదికోసారి క్రేనుతో లేపి, కడగడానికి గట్టు మీదికి తెస్తాం. వల మూట నీటిపైకి రాగానే ఆపి, ప్రభువు ప్రార్థన మూడుసార్లు చెప్పుకోవడం మా పద్ధతి. అంతలో అందులో నిలిచిన నీరు కారిపోతుంది. సముద్రంలో తేలిగ్గా ఊగిన మూట బయటికొస్తే ఎంత బరువెక్కుతుందో కొత్తవాళ్లకు తెలియదు. క్రేను నడిపేది నేను; మూడో ఆమెన్ నేను రేడియోలో అనేవరకూ ఎవరూ గట్టు మీది పసుపు గీత దాటకూడదు.

ఆ అక్టోబరు రోజున గాలి ముదురుతోంది. కింద తాడు పట్టుకుని నా భార్య తమ్ముడు ట్రోండుర్ ఉన్నాడు.

"దేవుడికి చెవుడా ఏంటి బావా? ఒకసారి చెబితే వినడూ?" అన్నాడు రేడియోలో. "వానొచ్చేస్తోంది. అక్క చేసిన సూపు చల్లారిపోద్ది."

"నోర్ముయ్యరా, లెక్క తప్పుతుంది," అన్నాను నవ్వుతూ.

మొదటి ప్రార్థన అయింది. మూట నుంచి నీళ్లు ఇంకా ధారగా పడుతూనే ఉన్నాయి. చూశాను. చూసి కూడా, ఇక చాలన్నట్టు రేడియోలో ఆమెన్ అని క్రేను మీట లాగాను. ట్రోండుర్ గీత దాటాడు. మూటను మోస్తున్న పట్టీ తెగి, మూట అతని మీద పడింది.

విచారణకు వచ్చినవాళ్లు పట్టీ పాతదని రాసుకున్నారు. ఎన్నిసార్లు ప్రార్థించావని నన్నెవరూ అడగలేదు. ట్రోండుర్ సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ నేను దేవుణ్ణి తలుచుకున్నానా, నీళ్లు కారడానికి పట్టే సమయాన్ని కొలిచానా?

ఆదివారం ట్రోండుర్ భార్య సున్నివా దగ్గరికి వెళ్లాను. అతని రబ్బరు బూట్లు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆమె కాఫీ పోసింది.

"పట్టీ పాతదంట కదా అన్నయ్యా. నీ తప్పేం లేదులే."

తల ఊపితే సరిపోయేది.

"ఒక్కసారే చెప్పానమ్మా," అన్నాను.

మా ఊళ్లో ఆ మాట ఎవరికైనా అర్థమవుతుంది. ఆమె కిటికీలోంచి రేవు వైపు చూసింది.

"తొందరపెట్టింది మా ఆయనేనా?"

"అవును, అతనే. కానీ మీట నా చేతిలో ఉంది."

ఆమె కప్పు పక్కన పెట్టి, చేతులు జోడించి, మిగిలిన రెండు ప్రార్థనలూ చెప్పడం మొదలుపెట్టింది, నెమ్మదిగా. మూడోది చివరికి వచ్చాక ఆగి, నా వైపు చూసింది. ఆమెన్ నేనే అనాలని ఎదురుచూసింది.

నాకు నోరు రాలేదు.