కడుపు గుమ్మంలో తగవు

మార్చి పదకొండు, గురువారం, ఉదయం ఆరుంపావు. అత్తగారు ఎప్పటిలాగే కోడలి అరచేతిలో రెండు మాత్రలు పెట్టి, టీ గ్లాసు అందించింది. ఒకటి రక్తం పట్టడానికి కాన్పుల డాక్టరమ్మ రాసిన ఐరన్. రెండోది, పాదం మీద మానని పుండుకి చర్మం డాక్టరు రాసిన జింకు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు. రెండు చీటీల మీదా "పొద్దున్నే" అనే ఉంది. మర్చిపోకుండా ఉంటుందని రెండు నెలలుగా ఆవిడ రెండూ కలిపే, దేవుడికి దణ్ణం పెట్టి మరీ వేయిస్తోంది.

కోడలికి ఏడో నెల. రక్తం మాత్రం ఏడు దగ్గరే మొండికేసింది. కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ, కుడుతున్న జాకెట్టు మీదే తల వాల్చేస్తోంది. "ఇలాగే ఉంటే కాన్పు నా చేతుల్లో ఉండదు" అని నిన్ననే డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

"ఇవాళ్టి నుంచి ఐరన్ రెండేసి వేద్దామమ్మా," అన్నాడు కొడుకు.

"నువ్వు బస్సు నడుపు నాయనా, వైద్యం చెయ్యకు."

"మరి చూస్తూ కూర్చోమంటావా?"

మాత్రలు మింగిన కోడలు నీరసంగా గోడకి చేరబడింది. "ఒక్కసారి విని చెప్పండత్తయ్యా, బిడ్డ కదలట్లేదేమో."

అత్తగారికి కడుపులో మాటలు వినపడతాయి. వీధిలో ఏ పసివాడు గుక్కపట్టి ఏడ్చినా ముందు ఆవిడ చెవి దగ్గరికే తెస్తారు. ఇన్నాళ్లూ బిడ్డ ఊసుల కోసం పొట్ట కిందుగానే చెవి ఆనించేది. బిడ్డ బాగానే ఉంది. పైనేదో గోల వినిపించి, చెవి పైకి జరిపింది.

"ముందొచ్చింది నేను, తప్పుకో!" అంటోంది ఐరన్.

"గుమ్మం మీ తాత కట్టించాడా?" అంటోంది జింకు.

"ఈ టీ ఒకటి, కాళ్లకి అడ్డం!" అని విసుక్కుంది ఐరన్.

ఒకే గుమ్మంలో భుజాలు ఇరికించుకుని, ఒకదాన్నొకటి లోపలికి పోనివ్వడం లేదు.

ఆవిడ నుదురు కొట్టుకుంది. "దగ్గరుండి నేనే కొట్లాట పెట్టానే తల్లీ!"

"ఊరుకోండత్తయ్యా. మనకెవరైనా చెప్పారా ఏమిటి?"

ఆస్పత్రికి ఫోన్ చేస్తే నర్సు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "కొట్టుకుంటాయి మరి. రెండిటికీ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ పరగడుపున, నిమ్మరసంతో. టీ దగ్గరికి రానివ్వకండి. జింకు మధ్యాహ్నం అన్నం తిన్నాక. రెండు చీటీలూ డాక్టరమ్మకి చూపించండి. డోసు మాత్రం మీరు పెంచొద్దు, ఎక్కువైతే అదో ప్రమాదం."

మర్నాడు ఆరుంపావుకి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. కోడలు ఒక్క మాత్ర వేసుకుని నిమ్మరసం తాగింది. అత్తగారు చెవి ఆనించింది. టీ పడందే కళ్లు తెరవని కొడుకు, డిపోకి టైమవుతున్నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటోందమ్మా?"

"ఉష్! ఏమీ అనట్లేదు. లోపలికి వెళుతోంది."

కొడుకు చెప్పులు పక్కన పెట్టేశాడు. ఎనిమిదింపావు దాకా ముగ్గురూ టీ మాటెత్తకుండా అక్కడే కూర్చున్నారు.