స్పీకర్లలోంచి వచ్చిన ‘భేష్’

నేను ఒక వాల్వుల యాంప్లిఫయర్‌ని. చనిపోయిన మనిషి ఒకడు నా వల్ల నోరు విప్పాడు. ఆ అదురు నాకింకా తగ్గలేదు.

పుట్టింది తెనాలిలో, మైక్‌సెట్ల దుకాణం వెనక గదిలో. ఇనప చట్రం, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, నెత్తిన వరసగా గాజు వాల్వులు. మీట నొక్కగానే పలికే రకాన్ని కాను. వాల్వులు ఎర్రబడాలి, ఒళ్ళు వేడెక్కాలి. మొదట నన్నొక నాటక సమాజం కొంది. రాజు వేషగాడు రంగం మీద సత్యం గురించి పద్యాలు పాడి, తెర వెనక్కి వెళ్ళి మైకు ఆపకుండా అబద్ధాలాడేవాడు. ఊరంతా వినేది. తర్వాత ఎన్నికల సభల్లో పనిచేశాను. ఒకే గొంతు ఒకసారి ఒక పార్టీని, ఇంకోసారి దాని ఎదటి పార్టీని పొగిడింది. రెండు పొగడ్తల్నీ ఒకే నిజాయితీతో పెద్దవి చేశాను. ట్రాన్సిస్టర్లు రాగానే అటకెక్కించారు. ఫ్యాషన్ తిరగబడగానే గుంటూరులో కాశీ అనే దుకాణదారు నన్ను తుడిచి అద్దాల అరలో పెట్టాడు. నిన్నటి పాత ఇనుము నేడు హైఫై అయింది.

అప్పుడొచ్చాడు సుదర్శనం.

ఆయన నరసరావుపేటలో లెక్చరర్. తండ్రి ఏకాంబరం పేరున్న నాదస్వర విద్వాంసుడు, పోయి ఏడాది కావస్తోంది. చివరి రోజుల్లో ఏకాంబరానికి ఊపిరి పోయిందనీ, సన్నాయి ఎత్తలేకపోయాడనీ తోటి మేళాలవాళ్ళు ఊరూరా చెప్పుకున్నారు. అది అబద్ధమనడానికి కొడుకు దగ్గర ఒక్కటే సాక్ష్యం ఉంది. ఆ చివరి రోజుల్లోనే ఇంట్లో రికార్డు చేసిన తోడి రాగం క్యాసెట్. ఆదివారం సంస్మరణ సభలో, ఆ మాట అన్నవాళ్ళందరి ముందూ దాన్ని వినిపించాలి. అందుకోసం నిలువెత్తు స్పీకర్లు కొన్నాడు. ఆంబోతుల్లాంటివి. చిన్నాచితకా యాంప్లిఫయర్ వాటిని కదిలించలేదు. ఏది సరిపోతుందో తేల్చడానికి కాశీ నన్నూ, ఒక పెద్ద ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌నీ వాళ్ళింటికి మోసుకెళ్ళాడు.

ముందు స్పీకర్లను పెద్దదానికి తగిలించి క్యాసెట్ పెట్టారు. అలమరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. సుదర్శనం మొహం చిట్లించి, శబ్దం ఉంది గానీ నాన్న లేడన్నాడు.

నా వంతు వచ్చింది. నా వీపున, స్పీకరు నిరోధానికి తగ్గట్టు తీగ బిగించడానికి నాలుగు, ఎనిమిది, పదహారు ఓంలని మూడు మరలున్నాయి. పెళ్ళి పందిళ్ళలో గొట్టం మైకులు కట్టిన చెయ్యి కాశీది. ఆ చెయ్యి అలవాటుగా పదహారు మీదకే వెళ్ళింది. ఈ స్పీకర్లు నాలుగు ఓంల జాతి. నాకు ఊపిరాడలేదు. తోడి కాస్తా చీలి చీలి వచ్చింది.

“ఇది సన్నాయా, తిరనాళ్ళ బూరానా?” అన్నాడు సుదర్శనం.

కాశీ నాలుక కరుచుకుని తీగ మార్చాడు. అంతే, రాగం విచ్చుకుంది. నాదంలో పెదాల మధ్య రీడు తడి కూడా తెలిసింది. కానీ నా బలం కొంచెం, ఆ స్పీకర్ల ఆకలి పెద్దది. ఎంత తిప్పినా గది సగం దాటలేకపోయాను. ఇది అరిచే రకం కాదు, దగ్గరకొచ్చి కూర్చోండన్నాడు కాశీ. ఫ్యాను ఆపారు. చాప లాక్కుని స్పీకర్ల ముందు కూర్చున్నారు. సుదర్శనం మేనత్త మంగతాయి వంటింటి గడపలో నిలబడి వింటోంది.

రాగం పైస్థాయికి ఎక్కి నిలిచింది. ఆ నాదం తెగకుండా సాగుతుండగానే, దాని వెనక నుంచి ముసలి గొంతొకటి వచ్చింది.

“భేష్.”

నా వాల్వులు ఆరిపోతాయేమో అనుకున్నాను. సుదర్శనం టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ అదే. తండ్రి గొంతు.

ఊదే నోరు మాట్లాడదు.

మంగతాయి గడపలోనే కూర్చుంది. ఎవరూ అడగకుండానే చెప్పింది. అన్నకు నిజంగానే ఊపిరి పోయింది. అభిమానులు రికార్డు కావాలని పట్టుబట్టారు. లేదని చెప్పుకోలేక తలుపు మూసి, సన్నాయి చెల్లెలి చేతికిచ్చి ఊదమన్నాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు మేళంలో కూర్చోరు. ఆమె చిన్నప్పటినుంచి ఇంట్లో అన్న సాధకానికి శ్రుతిపెట్టె పట్టుకునే నేర్చుకుంది. వాయించడం అయ్యాక అన్న అన్నది ఒక్కటే మాట, తలుపు తియ్యమని.

సుదర్శనం టేపు ఆపాడు. “అయితే వాళ్ళన్నదే నిజం అత్తా” అన్నాడు. తర్వాత నా వంక చూడకుండా, “కాశీ, ఆ పెద్దదే ఉంచు. దాన్లో ఈ మాట వినపళ్ళేదు” అన్నాడు.

దాన్లోనూ ఉంటుంది సార్, మనమే అంత దగ్గరగా కూర్చోలేదని గొణిగాడు కాశీ. సభలో ఎవడూ దగ్గరగా కూర్చోడులే అన్నాడు సుదర్శనం. నా తీగ ఊడదీయడానికి కాశీ వంగాడు. వేషగాళ్ళ అబద్ధాలు ఎన్నో మోశాను గానీ, నిజం చెప్పినందుకు నన్ను వెళ్ళగొట్టడం అదే మొదలు.

“ఆగరా సుదర్శనం. ఆ మాట ఇంకొక్కసారి పెట్టు.”

“ఎందుకత్తా, విన్నావుగా?”

“అప్పుడు వినపళ్ళేదురా. చెవిలో సన్నాయి మోగుతుంటే మీ నాన్న మాట ఎట్టా వినపడుద్ది? నేను వాయించింది ఆయనకి నచ్చలేదనే అనుకున్నా ఇన్నాళ్ళూ.”

సుదర్శనం టేపు తిప్పాడు. మంగతాయి స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట మళ్ళీ వచ్చింది. ఇంకోసారి పెట్టమని ఆమె అడగలేదు. సుదర్శనమే పెట్టాడు. అది కూడా విని ఆయన కళ్ళు తుడుచుకుని, తీగ అలాగే ఉంచమని కాశీకి చెప్పాడు.

ఆదివారం టౌన్‌హాల్లో ఫ్యాన్లు ఆపించాడు. కుర్చీలు దగ్గరకు జరపమన్నాడు. వదంతి పుట్టించినవాళ్ళు ముందు వరసలో విసుక్కుంటూ జరిగారు. అత్తను వేదిక మీదికి పిలిచి, నా పక్కన కూర్చోబెట్టి, ఒక్క ముక్క చెప్పాడు.

“మీరన్నది నిజమే. ఈ టేపులో వాయించేది మా అత్త. మా నాన్న వింటున్నాడు.”

టేపు మొదలైంది. భేష్ దగ్గర ముందు వరసలో ఒక ముసలాయన అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు నేను మంగతాయి గదిలో ఉంటున్నాను. మొదట్లో ఆమె రోజూ నన్ను వెలిగించి ఆ మాట వినేది. ఈ మధ్య ఎక్కువగా సన్నాయే తీస్తోంది. వాకిట్లో పోయేవాళ్ళు ఆగి వింటారు. నా మీద దుమ్ము పడుతోంది. సన్నాయికి యాంప్లిఫయర్ ఎందుకు?